సైకిల్ ముచ్చట్లు: గ్రావెల్ రేసర్ల సైకిలు, మన కొండ రోడ్డు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా గ్రావెల్ రేసుల మీదే, అంటే కంకర, మట్టి దారుల మీద జరిగే సైకిల్ పోటీల మీదే. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం, కొరాపుట్, బరంపురం, ఒడిశాలోని మన ఊళ్లలో ఎక్కడ చూసినా ఇదే గోల. మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకి ఉంచి ఇవే తీసుకుంటున్నా. పేర్లు వేయొద్దన్నవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి అందరికీ ఊరు మాత్రమే వేస్తున్నాం.

ప్రశ్న: అన్నా, ఫోన్లో అమెరికా గ్రావెల్ రేసులు చూస్తుంటాను. వంపు హ్యాండిల్, సన్నటి ఫ్రేము, చూడ్డానికి రోడ్ సైకిల్‌లాగే ఉంటుంది గానీ మట్టిలో దుమ్ము లేపుకుంటూ పోతారు. అసలు ఆ ప్రొఫెషనల్ వాళ్లు తొక్కేది ఏ సైకిలు? పేరు చెప్తే చదువుకుంటా. (డిగ్రీ విద్యార్థి, రాయగడ)

జవాబు: తమ్ముడూ, ఒక పేరు చెప్పి ఊరుకుందామంటే కుదరదు, ఎందుకంటే గ్రావెల్ రేసు అనే మాట కింద ఒకదానికొకటి పొంతన లేని రేసులు ఉన్నాయి. నువ్వు చూసింది బహుశా అన్‌బౌండ్ అయ్యుంటుంది. అమెరికాలో కాన్సస్ రాష్ట్రం, ఎంపోరియా అనే చిన్న ఊరు, దాని చుట్టూ ఫ్లింట్ హిల్స్ అనే గడ్డి కొండలు. 2006లో మొదలైంది. పెద్ద రేసు 200 మైళ్లు, అంటే మన లెక్కలో 320 కిలోమీటర్ల పైమాటే, దాదాపు అంతా కంకర, మట్టి. 2024లో గెలిచిన ఆస్ట్రేలియా కుర్రాడు లాక్లన్ మోర్టన్‌కి 9 గంటల 11 నిమిషాలు పట్టింది. అక్కడి రాళ్లు చెకుముకి రాళ్లు, అంచులు బ్లేడుల్లా ఉండి టైరు పక్క గోడని కోసేస్తాయి. కాబట్టి అక్కడికి వెళ్లేవాడు వెడల్పు టైరు పట్టే ఫ్రేము చూసుకుంటాడు. 2022 నుంచి 2024 దాకా వరసగా మూడేళ్లు లైఫ్ టైమ్ గ్రాండ్ ప్రి అనే అమెరికా రేసుల సిరీస్ గెలిచిన కీగన్ స్వెన్సన్ అప్పట్లో తొక్కింది సాంటా క్రూజ్ కంపెనీ స్టిగ్మాటా, దాంట్లో 50 మిల్లీమీటర్ల టైరు పడుతుంది. లావుఫ్ అనే ఐస్‌లాండ్ కంపెనీ సీగ్లాలో అయితే 57 దాకా.

ఇప్పుడు రెండో వైపు చూడు. ప్రపంచ గ్రావెల్ చాంపియన్‌షిప్ 2022లో ఇటలీలో మొదలైంది, జియాని వెర్మీర్ష్ గెలిచాడు, మరుసటేడు అక్కడే మతెయ్ మొహోరిచ్, 2024లో బెల్జియంలో మాథ్యూ వాన్ డెర్ పోల్. వీళ్లందరూ రోడ్ రేసుల్లో పేరున్నవాళ్లే. ఆ దారులు అన్‌బౌండ్ కన్నా చాలా నున్నన, మధ్యమధ్యలో తారు కూడా, గుంపుగా పోతూ చివర్లో దూకుడుగా తొక్కే రేసు అది. అక్కడ తేలిక ఫ్రేము, గాలిని చీల్చే రూపం, కొంచెం సన్నటి టైర్లు ఎక్కువ కనిపిస్తాయి. స్పెషలైజ్డ్ క్రక్స్ ఖరీదైన రకం ఫ్రేము బరువు 725 గ్రాములని కంపెనీ చెప్తుంది, అంటే కిలో కూడా లేదు.

కాబట్టి చదువుకోవాలంటే సైకిల్ పేరు దగ్గర కాదు, రేసు జరిగే దారి దగ్గర మొదలుపెట్టు. వాళ్ల మెకానిక్‌లు చేసేది అదే. ముందు దారి చూస్తారు, దాన్ని బట్టి టైరు, టైరు పట్టేదాన్ని బట్టి ఫ్రేము, ఆ తర్వాతే గేర్లు, మిగతా హంగులు. మన దగ్గర కొనేటప్పుడు ఈ వరస తిరగబడుతుంది, ముందు రంగు నచ్చుతుంది, తర్వాత గేర్లు లెక్కపెడతాం, టైరు సంగతి మొదటి పంక్చర్ రోజున గుర్తొస్తుంది.

ప్రశ్న: సార్, సన్న టైరు అయితే వేగం, లావు టైరు అయితే బరువు అని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. మరి ఈ రేసర్లు మౌంటెన్ సైకిల్ టైర్లు వేసుకుని ఎలా గెలుస్తున్నారు? పైగా గాలి కూడా తక్కువ పెడతారట. మా స్కూల్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పేవాణ్ని, నాకే సమాధానం దొరకలేదు. (ఉపాధ్యాయుడు, పర్లాకిమిడి)

జవాబు: మాస్టారూ, మీ ప్రశ్నే ఈసారి అన్నిటికంటే నచ్చింది, కాబట్టి దీనికి కాస్త ఎక్కువ చోటు తీసుకుంటా.

నున్నటి ఉక్కు డ్రమ్ము మీద తిప్పి చూస్తే గట్టిగా గాలి కొట్టిన టైరే తేలిగ్గా తిరుగుతుంది, మనం విన్న మాట అక్కడిదే. రోడ్డు డ్రమ్ము కాదు కదా. గాలి బిగించిన టైరు గోలీకాయంత రాయి మీద కెక్కితే టైరు నొక్కుకోదు, దానికి బదులు సైకిలూ దాని మీద కూర్చున్న మనిషీ కలిసి పైకి లేస్తారు. 75, 80 కిలోల బరువుని నిమిషానికి వందలసార్లు పైకి ఎగరేయడానికి పట్టే శక్తి ఎక్కడిది? మన కాళ్లదే. ముందుకి పోవాల్సిన శక్తి పైకి పోయి, మళ్లీ కింద పడి, నడుములో, భుజాల్లో అరిగిపోతుంది. గాలి తగ్గిస్తే ఆ రాయిని టైరే మింగేస్తుంది, మనిషి కదలడు, చక్రం మాత్రం కదులుతుంది. వెడల్పు టైరులో గాలి కాస్త తగ్గించినా రిమ్ము నేలకి అంత తేలిగ్గా తగలదు, కాబట్టి వెడల్పు పెరిగేకొద్దీ గాలి తగ్గించే వీలు పెరుగుతుంది. అసలు కిటుకు వెడల్పులో కన్నా ఆ తగ్గించిన గాలిలోనే ఎక్కువ ఉంది.

పదేళ్ల కిందట అన్‌బౌండ్‌లో 38, 40 మిల్లీమీటర్లంటే చాలు అనుకునేవారు. మెల్లగా 45, తర్వాత 50 వచ్చాయి, ఈమధ్య 2.2 అంగుళాల మౌంటెన్ టైర్లు, అంటే సుమారు 56 మిల్లీమీటర్లు. డిలన్ జాన్సన్ అనే అమెరికన్ రేసరు ఈ వాదాన్ని వీడియోలు పెట్టి మరీ గట్టిగా వినిపించాడు, మొదట్లో నవ్వినవాళ్లే తర్వాత అదే దారి పట్టారు. ఇందులో నష్టం లేకపోలేదు. గంటకి 35, 40 కిలోమీటర్ల వేగంలో లావు టైరుకి గాలి ఎదురు ఎక్కువ, బరువూ కొంత పెరుగుతుంది. దారి నున్నగా ఉంటే ఆ నష్టం మిగులుతుంది, దారి గరుకుగా ఉంటే లాభం మిగులుతుంది. అందుకే ఇటలీలో ఒక లెక్క, కాన్సస్‌లో ఇంకో లెక్క.

ఇంకో సంగతి, వాళ్ల టైరు మీద పెద్ద పెద్ద గుబ్బలు ఉంటాయనుకోకండి. నడిమి భాగం దాదాపు నున్నగా, పక్కల్లో చిన్న చిన్న గుబ్బలు, అంతే. తిన్నగా పోతున్నప్పుడు నడిమి భాగమే నేలకి తాకుతుంది, మలుపులో పక్క గుబ్బలు పట్టిస్తాయి. మన బజార్లో దొరికే చవక మౌంటెన్ సైకిల్ టైరు నిండా గుబ్బలు, పైగా రబ్బరు మొద్దు, తారు మీద గుయ్యిమని రొద. దాన్ని చూసి లావు టైరంటే బరువు అనుకోవడంలో మన తప్పేం లేదు.

మీరే ఓసారి చూసుకోండి. మీ సైకిలు 700 బై 38 టైర్ల హైబ్రిడ్ (రోడ్ సైకిల్‌కీ మౌంటెన్ సైకిల్‌కీ మధ్యరకం) అనుకుందాం, మీ బరువు 65 కిలోలు. ట్యూబు ఉన్న టైరైతే వెనక 45, ముందు 40 పీఎస్‌ఐ పెట్టి మీ ఊరి మట్టిరోడ్డు మీద తొక్కండి. మర్నాడు అదే దారిలో, షాపు కుర్రాడు అలవాటుగా కొట్టే 70తో తొక్కండి. అరచేతులే చెప్తాయి తేడా. ట్యూబు ఉన్నప్పుడు మరీ కిందకి దిగితే రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి, పక్కపక్కనే రెండు సన్నటి గాట్లు పడతాయి. స్నేక్ బైట్ అంటారు దాన్ని. ట్యూబు బయటికి తీసినప్పుడు ఒకే చిల్లు ఉంటే ముల్లు, జంట గాట్లు ఉంటే గాలి తక్కువైందని అర్థం.

ప్రశ్న: వాళ్ల సైకిళ్లకి ముందు ఒకటే పళ్ల చక్రం ఉంటోంది. నా సైకిల్‌కి ముందు మూడు, వెనక ఏడు, మొత్తం 21 గేర్లు. తీసేసి ఒకటే పెట్టించుకోమంటారా? నేను రోజూ ఘాట్ రోడ్డు ఎక్కాలి. (బ్యాంకు ఉద్యోగి, కొరాపుట్)

జవాబు: వద్దండీ, డబ్బులు దండగ.

లెక్క చూడండి. ప్రొఫెషనల్ గ్రావెల్ సైకిల్‌కి కనిపించే అమరికల్లో ఒకటి ముందు 46 పళ్లు, వెనక 10 నుంచి 52 దాకా. మౌంటెన్ సైకిల్ వెనక చక్రం తెచ్చి రోడ్ సైకిల్ లీవర్లతో కలిపిన అమరిక అది. అతి తేలిక గేరులో 46ని 52తో భాగిస్తే 0.88. మీ సైకిల్‌కి మామూలుగా ముందు చిన్న చక్రం 24 పళ్లు, వెనక ఫ్రీవీల్‌లో పెద్దది 28 ఉంటుంది, భాగిస్తే 0.86. ఘాటు ఎక్కడానికి మీ గేరే తేలిక! నిమిషానికి 80 చుట్లు తొక్కితే 0.86 గేరులో గంటకి 9 కిలోమీటర్లు వస్తుంది, ఊపిరి ఆడుతుంది, మాట్లాడుతూ ఎక్కొచ్చు.

వాళ్లు ఒకే చక్రం పెట్టుకునేది వేరే కారణానికి. కుదుపుల్లో చైను పడిపోకూడదు, బురదలో ఇరుక్కునే భాగాలు తగ్గాలి, 300 కిలోమీటర్లు తొక్కాక బుర్ర పనిచేయని వేళ ఏ చక్రం మీద ఉన్నానో ఆలోచించక్కర్లేదు. ముందు చక్రానికి పళ్లు ఒకటి వెడల్పు, ఒకటి సన్నం, చైనుని పట్టి ఉంచుతాయి, చైనుని గేరు మార్చే వెనక డిరైలర్లో క్లచ్ ఉండి చైను ఊగకుండా లాగిపెడుతుంది. ఈ రెండూ లేకుండా మీ 21 గేర్ల సైకిల్‌కి ముందు రెండు పళ్ల చక్రాలు పీకేస్తే చైను పడేది ఇంకా ఎక్కువవుతుంది. గుంపుగా వేగంగా పోయే రేసుల్లో ముందు రెండు పళ్ల చక్రాలు కావాలనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, గేరుకీ గేరుకీ మధ్య అంతరం తక్కువ కావాలని. గేర్లు చేసే షిమానో కంపెనీ 2019లో గ్రావెల్ కోసమే జీఆర్‌ఎక్స్ తెచ్చినప్పుడు రెండు రకాలూ తెచ్చింది, కాబట్టి ఇది ఇంకా తేలని పేచీ.

మీరు ఖర్చు పెట్టదలుచుకుంటే బ్రేకు కట్టల మీద పెట్టండి. ఘాటు ఎక్కినవాడు దిగాలి కదా. సుంకి ఘాట్‌లో లారీల వెనక దిగుతూ బ్రేకు వాసన వచ్చిందంటే ఆగి చల్లారనివ్వండి.

ప్రశ్న: ట్యూబ్‌లెస్ వేస్తే పంక్చరే పడదంటున్నారు, నిజమేనా? మా ఊళ్లో అది తెలిసిన మెకానిక్ లేడు. (ఎలక్ట్రీషియన్, జయపురం)

జవాబు: పడుతుంది, కానీ చాలావాటిని మీకు తెలియకుండానే అదే పూడ్చుకుంటుంది. టైరు లోపల పాలలాంటి రబ్బరు ద్రవం పోస్తారు, సీలెంట్ అంటారు. ముల్లు దిగిన చోట గాలితో పాటు అది బయటికి తన్నుకొచ్చి గడ్డకడుతుంది. రెండు మూడు మిల్లీమీటర్ల చిల్లు దాకా దానికి అలవోక. అంతకన్నా పెద్దదైతే రబ్బరు పూసిన వత్తిని సూదితో చిల్లులో దూర్చుతారు, మన మోటార్‌సైకిల్ ట్యూబ్‌లెస్ టైర్లకి బంకుల్లో చేసేదే, సైజు చిన్నది. అన్‌బౌండ్‌లో పెద్ద రేసర్లు ఈ వత్తులు హ్యాండిల్ చివర్లలోనో, ఫ్రేముకి టేపు వేసో పెట్టుకుంటారు, సైకిల్ దిగకముందే చేతికి అందాలి. దానితోపాటు టైరులో గాలి నింపే గ్యాస్ క్యార్ట్రిడ్జ్‌లు, అన్నీ విఫలమైతే వేసుకోవడానికి ఒక తేలికపాటి ట్యూబు. కొందరు టైరు లోపల నురుగు దిండు లాంటి ఇన్సర్ట్ కూడా పెడతారు, గాలి మొత్తం పోయినా రిమ్ము పాడవకుండా కొంత దూరం లాక్కెళ్లొచ్చని.

ఇక మన సంగతి. జయపురం ఎండల్లో ఆ సీలెంట్ రెండు మూడు నెలల్లో ఎండి పొరలు కడుతుంది, మళ్లీ పోయాలి. మొదటిసారి టైరు రిమ్ముకి టపటపా చప్పుడు చేస్తూ కూర్చోవాలంటే మామూలు చేతి పంపు చాలదు, కంప్రెసర్ కావాలి. మీరు ఎలక్ట్రీషియన్ కాబట్టి చేతిపని తెలుసు, రెండుసార్లు చేస్తే వచ్చేస్తుంది, మెకానిక్ కోసం చూడకండి. అయితే ఒకటి గుర్తుంచుకోండి. ఈ చక్రాలకి సాధారణంగా సన్నటి ప్రెస్టా వాల్వ్ ఉంటుంది. మన రోడ్డు పక్క పంక్చర్ షాపు కంప్రెసర్ మోటార్‌సైకిల్ వాల్వ్‌కే పడుతుంది. చిటికెన వేలి గోరంత ఇత్తడి అడాప్టర్ ఒకటి ఉంటుంది, దాన్ని వాల్వ్‌కి బిగిస్తే ఏ షాపులోనైనా గాలి కొట్టించుకోవచ్చు. బిగించే ముందు వాల్వ్ కొసన ఉన్న బుడిపె వదులు చేయాలి, లేకపోతే ఎంత కొట్టినా గాలి లోపలికి పోదు, షాపువాడు మన సైకిల్ని తిడతాడు. ఆన్‌లైన్లో తెప్పించి రెండు ఉంచుకోండి, ఒకటి తప్పకుండా పారేసుకుంటారు.

ఊరి దారులే తప్ప దూరాలు తొక్కనివాళ్లకి మాత్రం ట్యూబే మేలు. అతుకు, సొల్యూషన్ ప్రతి ఊళ్లో దొరుకుతాయి.

ప్రశ్న: వానాకాలంలో మా దగ్గర ఎర్రమట్టి బంకలా పట్టేసి చక్రం తిరగదు. రేసర్లు ఏం చేస్తారు? (రైతు, గుణుపురం దగ్గర పల్లె)

జవాబు: వాళ్లూ దిగి మోసుకుంటూ నడుస్తారండీ! 2023 అన్‌బౌండ్‌లో మొదట్లోనే ఒక బురద దారి వచ్చింది, రాత్రి వానకి నానిన జిగట మట్టి. ప్రపంచంలో పేరున్న రేసర్లంతా సైకిల్ భుజానేసుకుని గట్టు పక్క గడ్డిలో నడిచారు. అక్కడే తొక్కబోయిన కొందరికి డిరైలర్ ఊడి చువ్వల్లో దూరింది, వాళ్ల రేసు అక్కడితో సరి. ఆ రోజు చాలామంది జేబులో ఉన్న గొప్ప పరికరం ఏమిటో తెలుసా, రంగు డబ్బా కలిపే చెక్క పుల్ల. టైరుకీ ఫ్రేముకీ మధ్య మట్టి గీకడానికి. ఆ రేసు స్వెన్సనే గెలిచాడు, మహిళల్లో జర్మనీకి చెందిన కరొలిన్ షిఫ్.

మీ పొలం దారికి ఇందులోంచి పనికొచ్చేవి చెప్తా. ఫ్రేములో 45 పట్టినా వానాకాలానికి 38 వేయండి, టైరు చుట్టూ వేలు దూరేంత జాగా ఉంటే మట్టి రాలిపోతుంది. మడ్‌గార్డులు తారు మీద బావుంటాయి గానీ జిగట మట్టిలో వాటి కిందే ముద్ద కడుతుంది, ఆ నెలలు తీసేయండి. చక్రం బరువెక్కినట్టు అనిపించగానే తొక్కడం ఆపి దిగండి, అక్కడ బలం చూపించకూడదు. వెనక డిరైలర్ని పట్టి ఉంచే హ్యాంగర్ అనే మెత్తటి ముక్క కావాలనే బలహీనంగా చేస్తారు, ముందు అది విరిగి ఫ్రేముని కాపాడుతుంది. ప్రతి సైకిల్‌కీ వేరే ఆకారం కాబట్టి కొన్న రోజే ఒకటి అదనంగా తీసుకోండి, తర్వాత వెతికితే విశాఖలో కూడా దొరక్కపోవచ్చు.

ప్రశ్న: ముందు సస్పెన్షన్ కావాలా? మోచేతులు ఆనించే ఏరో బార్లు కూడా చూశాను. (బరంపురం)

జవాబు: గ్రావెల్ కోసం చేసిన సస్పెన్షన్ ఫోర్కులు ఉన్నాయి, 30, 40 మిల్లీమీటర్లు కదులుతాయి, వేగమే లెక్కయిన చాలామంది రేసర్లు బరువు వద్దని లావు టైరుతో సరిపెట్టుకుంటారు. ఇరవై వేల సైకిల్‌కి వచ్చే సస్పెన్షన్ ఫోర్కు మాత్రం వద్దే వద్దు, బరువు తప్ప ఒరిగేది లేదు. ఏరో బార్లని అన్‌బౌండ్‌లో అగ్రశ్రేణి రేసర్లకి 2023 నుంచి నిషేధించారు, గుంపులో మోచేతుల మీద ఉంటే బ్రేకు అందదు కదా. మన రోడ్ల మీద ఎదురుగా ఆవు వస్తే కూడా అంతే.

మొహోరిచ్ సంగతి ఒకటి చెప్పాలి, పరికరం ఎంచుకోవడమంటే ఇదీ అనిపించింది నాకు. 2022లో మిలాన్-సాన్ రెమో రోడ్ రేసులో అతను మౌంటెన్ సైకిళ్లకుండే, మీట నొక్కితే కిందికి దిగే సీటు గొట్టం బిగించుకొచ్చాడు. చివరి కొండ దిగుడులో సీటు దించి, ఒళ్లు కిందికి పెట్టి అందరికన్నా ముందు దిగి గెలిచేశాడు. ఆ ఒక్క దిగుడు కోసం రేసంతా ఆ బరువు మోశాడు.

ప్రశ్న: అన్నా, నా ఎత్తు ఐదడుగులు. షాపులో ఏ సైకిల్ ఎక్కినా పెద్దగానే ఉంది. మహిళా రేసర్లకి వేరే సైకిళ్లు ఉంటాయా? (నర్సింగ్ విద్యార్థిని, రాయగడ)

జవాబు: లేదమ్మా, ఇప్పుడు చాలావరకు అవే మోడళ్లు, చిన్న సైజులు. 2023లో ప్రపంచ గ్రావెల్ చాంపియన్ కాషా నీవియాదోమా, మరుసటేడు మరియాన్ వోస్, అన్‌బౌండ్‌లో 2024లో రోజా క్లోజర్, వీళ్లంతా మగవాళ్లు తొక్కే రకాల మీదే, తమ కొలతకి అమర్చుకుని గెలిచారు. మార్చేవి హ్యాండిల్ వెడల్పు, దాన్ని పట్టే స్టెమ్ పొడవు, పెడల్ కడ్డీ పొడవు, సీటు. పెడల్ కడ్డీ మామూలుగా 170 మిల్లీమీటర్లు వస్తుంది, నీకు 165 లేదా ఇంకా తక్కువ హాయి.

షాపులో సీటు కిందికి దించేసి సరిపోయిందనే కుర్రాళ్ల మాట నమ్మకు. సైకిల్‌కి రెండు వైపులా కాళ్లు పెట్టి పై గొట్టం మీదుగా నిలబడు, గొట్టానికీ నీకూ మధ్య మూడు నాలుగు వేళ్ల జాగా ఉండాలి. తర్వాత పెడల్ ముందుకి పెట్టి హ్యాండిల్ తిప్పు. కాలి బొటనవేలు ముందు చక్రానికి తగిలితే మెల్లగా మలుపు తిరిగేటప్పుడు పడే ప్రమాదం ఉంది, చిన్న ఫ్రేములకి పెద్ద చక్రాలు వేస్తే వచ్చే సమస్య అది. అందుకే కొన్ని కంపెనీలు చిన్న సైజుల్లో చక్రం కూడా చిన్నది వేస్తాయి. చిన్న సైజు స్టాక్ లేదంటే తెప్పించమను, లేదా విశాఖ వెళ్లి చూసుకో. రైలు దూరమే కదా.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. రేసర్లు వాడేదే కావాలని లక్షన్నర సైకిల్ అడుగుతున్నాడు, ఇంట్లో రోజూ గొడవ, నాకు టెన్షన్. కొనమంటారా? (కిరాణా వ్యాపారి, పర్లాకిమిడి)

జవాబు: అయ్యా, ముందు మీవాడికి చెప్పండి, రేసర్లు వాడేది లక్షన్నరకి రాదు. వాళ్ల సైకిళ్లు పదివేల డాలర్లు, ఆపైన, అంటే మన డబ్బుల్లో ఎనిమిది లక్షలు దాటతాయి. పైగా వాళ్లలో పెద్దవాళ్లు కొనరు, స్పాన్సర్లు ఇస్తారు. ఇచ్చిన కంపెనీ సైకిలే తొక్కాలి కాబట్టి వాళ్ల ఎంపికలో సగం వాళ్ల ఎంపిక కానే కాదు. ఫ్రేమేదో కంపెనీ చెప్తుంది, టైరు వెడల్పూ గాలీ గేరు పళ్లూ మాత్రం రేసరే తేల్చుకుంటాడు. నేను చూసి నేర్చుకోమనేది ఈ రెండో భాగాన్నే.

ముప్పై వేల లోపు అల్యూమినియం ఫ్రేము, డిస్క్ బ్రేకులు, 40 దాకా టైరు పట్టే హైబ్రిడ్ ఒకటి కొనివ్వండి. హెల్మెట్టు, మంచి పంపు, గాలి కొలిచే మీటరు ఆ లెక్కలో ఉండాలి. ఏడాది పాటు తొక్కి టైర్లు అరగదీస్తే అప్పుడు వంపు హ్యాండిల్ గ్రావెల్ సైకిల్ మాట మాట్లాడదాం. అరక్కపోతే లక్షా ఇరవై వేలు మిగిలాయి. నా మాట చూపించి గొడవ ఆపండి, తిట్టుకుంటే నన్ను తిట్టుకుంటాడు.

ప్రశ్న: అంత దూరం తొక్కుతూ ఏం తింటారు, నీళ్లు ఎలా మోస్తారు? (మల్కన్‌గిరి)

జవాబు: వీపుకి అంటుకుని ఉండే నీళ్ల సంచి, దాన్నుంచి గొట్టం నోటి దాకా, ఫ్రేముకి రెండు మూడు సీసాలు. మట్టిదారిలో హ్యాండిల్ వదిలి సీసా తీయడం కష్టం కాబట్టి ఆ గొట్టం. గంటకి 90 నుంచి 120 గ్రాముల పిండిపదార్థం తీసుకుంటారు, ఎక్కువ భాగం చక్కెర కలిపిన నీళ్లు, జెల్ రూపంలో. దానికి కూడా కడుపుని నెలల తరబడి అలవాటు చేస్తారు, మనం ఒక్కసారిగా తాగితే వాంతే. మనకి పొద్దున్నే చోడి అంబలి, దారిలో అరటిపళ్లు, బెల్లం పల్లీ పట్టీ, ఉప్పూ పంచదారా కలిపిన నిమ్మనీళ్లు దివ్యంగా పనిచేస్తాయి. మే నెలలో మీ దగ్గర పది దాటాక తొక్కకండి.

ప్రశ్న: చైనుకి రేసర్లు నూనెకి బదులు మైనం వేస్తారట, ఎందుకు? ఇంట్లో చేసుకోవచ్చా? మా దారి నిండా ఎర్ర దుమ్ము. (గుణుపురం)

జవాబు: ఎర్ర దుమ్ముకి ఇంతకన్నా మంచి మందు లేదు. నూనె తడిగా ఉంటుంది, దుమ్ము పట్టుకుంటుంది, రెండూ కలిసి నల్లటి ముద్దయి చైను లింకుల్ని ఆకురాయి పెట్టినట్టు అరగదీస్తాయి. మన దగ్గర కొందరు పారబోయాల్సిన ఇంజన్ ఆయిల్ కూడా పోస్తారు, దాన్నైతే ఏమనాలో తెలీదు. మైనం ఆరాక పొడిగా ఉంటుంది, దుమ్ము అంటదు, చైను తేలిగ్గా తిరుగుతుంది, అందుకే రేసు ముందు రోజు మెకానిక్‌లు చైనుని వేడి మైనంలో ముంచి తీస్తారు.

ఇంట్లో చేయాలంటే చైను విప్పి, మొదట కిరసనాయిల్లో రెండు మూడుసార్లు కడిగి పాత నూనె పూర్తిగా పోగొట్టాలి, ఇక్కడ బద్ధకిస్తే మైనం పట్టదు. బాగా ఆరనివ్వండి, కిరసనాయిలు వాసన ఉన్న చైనుని పొయ్యి దగ్గరికి తేకండి. కొవ్వొత్తులు చేసేవాళ్ల దగ్గర దొరికే పారఫిన్ మైనం పావుకిలో చాలు. గిన్నెని నేరుగా మంట మీద పెట్టకూడదు, పెద్ద గిన్నెలో నీళ్లు మరిగిస్తూ అందులో మైనం గిన్నె పెట్టండి. మైనం నీరులా కరిగాక చైను వేసి బుడగలు ఆగేదాకా కదుపుతూ ఉంచి, తీగతో పైకి తీసి వేలాడదీయండి. చల్లారాక కర్రలా బిగుసుకుంటుంది, ఒక్కో లింకూ చేత్తో వంచి వదులు చేసి బిగించండి. మూడు నాలుగు వందల కిలోమీటర్లకోసారి మళ్లీ ముంచాలి, వానలో తడిస్తే ఆ రోజే. పని వంటింట్లో పెట్టుకోకండి, పెరట్లో చేయండి, ఆ గిన్నె మళ్లీ వంటకి పనికిరాదని ఇంట్లో ముందే చెప్పి తీసుకోండి.